గిటారు మీద తాతల పాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'మన సంస్కృతిని కాపాడుకుందాం' అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మీలో చాలామంది ఫోన్లు బయటికి తీస్తారని నాకు తెలుసు. హాస్టల్లో ఇన్నేళ్లు పిల్లల మధ్య ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? అందుకే ఉపదేశం చెయ్యను. ముందు నా తప్పు ఒకటి చెప్తాను. తర్వాత ఆఫ్రికాలోని ఒక బ్యాండు కథ చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ వార్షికోత్సవానికి ఒక పెద్దాయనను పిలిచాను. మోరి ఊదడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. తుడుము, డప్పు, కిరిడి, జోడు కొమ్ములు వాయించేవాళ్లను వెంటబెట్టుకుని సాయంత్రం నాలుగింటికే వచ్చేశారు. పిల్లలేమో సౌండు బాక్సులు తెప్పించుకుని సినిమా పాటలకు డ్యాన్సులు మొదలుపెట్టారు. ఒకటి అయ్యాక ఒకటి. నేను వరండాలోకి వెళ్లి "ఇంకో పది నిమిషాలు తాతా" అన్నాను. అలా మూడుసార్లు అన్నాను. నాలుగోసారి వెళ్లేసరికి వరండా ఖాళీగా ఉంది. మోరిని కండువాలో చుట్టుకుని ఆయన వెళ్లిపోయారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

పిల్లల్ని తప్పుపట్టలేను. స్టేజీ మీద ఏది ముందు, ఏది వెనక అని రాసింది నేనే. బీఈడీలో మాతృభాష విలువ గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నది కూడా నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒక ప్రశ్న నా వెంట తిరుగుతోంది. బాక్సులు వచ్చాక మోరి వెళ్లిపోవాల్సిందేనా? రెండూ ఒకే వేదిక మీద ఉండే దారి లేదా?

ఆ దారి వెతికినవాళ్లలో ఒకరు జింబాబ్వే గాయకుడు థామస్ మాఫుమో. ఆయన బ్యాండు పేరు బ్లాక్స్ అన్‌లిమిటెడ్. వాళ్ల పాట మొదటిసారి విన్నప్పుడు గిటారు ఎక్కడుందో, వాళ్ల పాత వాయిద్యం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. రెండూ ఒకటే అయిపోయాయి. అది ఎలా జరిగిందో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది.

ముందు ఆ దేశం సంగతి చూద్దాం. జింబాబ్వేను అప్పట్లో రొడీషియా అనేవారు. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో ఉంటుంది. అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్లు షోనా ప్రజలు. 1890లలో బ్రిటిషు వాళ్లు వచ్చి ఆక్రమించారు. 1896, 97లలో జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు ప్రేరణగా నిలిచిన నెహాండా అనే దేవర పట్టే స్త్రీని 1898లో ఉరి తీశారు. 1930లో ఒక భూమి చట్టం తెచ్చి, జనాభాలో నూటికి ఐదుగురు కూడా లేని తెల్లవాళ్లకు దేశంలో దాదాపు సగం భూమి రాసిచ్చారు. మిగిలిన జనాన్ని బలంలేని నేలల్లోకి నెట్టారు. భూమి పోవడమంటే ఏమిటో, 1/70 చట్టం కోసం ఇప్పటికీ అర్జీలు పట్టుకుని తిరుగుతున్న మన ఊళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

భూమితో పాటు పాట కూడా పోయింది. షోనా వాళ్లకు 'ఎంబిరా' అనే వాయిద్యం ఉంది. ఒక చెక్క పలక. దాని మీద ఇరవైకి పైగా సన్నని ఇనప రేకులు వరుసగా బిగించి ఉంటాయి. రెండు బొటనవేళ్లతో, కుడిచేతి చూపుడువేలితో వాటిని మీటుతారు. శబ్దం పెరగడానికి ఆ పలకను పెద్ద ఆనపబుర్రలో పెట్టి వాయిస్తారు. మనం అంబలి పోసుకుని పొలానికి పట్టుకెళ్లే బుర్ర లాంటిదే. బుర్ర చుట్టూ గవ్వలో, సీసా మూతలో కడతారు. ఇనప రేకు పలికినప్పుడల్లా అవి జుమ్మంటూ తోడు పలుకుతాయి. మరొకరు గింజలు పోసిన చిన్న బుర్రలను రెండు చేతులతో ఆడిస్తారు. వాటిని 'హోషో' అంటారు.

ఎంబిరా కేవలం కాలక్షేపం వాయిద్యం కాదు. 'బీరా' అనే జాతరలో రాత్రంతా దాన్ని వాయిస్తారు. పాట వింటూ పూర్వీకులు దిగివస్తారని, పూనకం వచ్చినవారి నోట మాట్లాడతారని షోనా వాళ్ల నమ్మకం. వానలు పడకపోయినా, ఇంట్లో జబ్బు చేసినా, ఊళ్లో తగువు వచ్చినా ముందు పూర్వీకులనే అడుగుతారు. అందుకే మిషనరీలకు అది నచ్చలేదు. అది దయ్యాల వాయిద్యమన్నారు. బడికి, చర్చికి వెళ్లే పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి సిగ్గుపడే రోజులు వచ్చాయి. ఈ 'సిగ్గు' అనే మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మాఫుమో 1945లో పుట్టాడు. పదేళ్లు వచ్చేదాకా పల్లెలో తాత, నానమ్మల దగ్గర పెరిగాడు. ఊరి డోలు, ఎంబిరా, పండగ పాటలు చెవిన పడుతూ ఉండేవి. తర్వాత రాజధానికి వెళ్లాడు. ఇప్పటి హరారేను అప్పుడు సాలిస్‌బరీ అనేవారు. పట్నంలో రేడియో ఉంది, రికార్డులు ఉన్నాయి. కుర్రవాడు ఎల్విస్ ప్రెస్లీ పాటలు, బీటిల్స్ పాటలు, ఓటిస్ రెడ్డింగ్ పాటలు నేర్చుకుని బ్యాండ్లలో పాడాడు. జనం చప్పట్లు కొట్టారు. కాని ఆ పాటల్లో వాళ్ల ఊరు లేదు. ఎంత బాగా పాడినా ఇంకొకరి గొంతుకు నకలే.

1970ల మొదట్లో మాంగూరా అనే చోట రాగి గని ఉండేది. గని కార్మికుల వినోదం కోసం అక్కడ ఒక బ్యాండు పెట్టారు. దాని పేరు వింటే మీరు నవ్వుతారు. 'హల్లెలూయా చికెన్ రన్ బ్యాండ్'. కోళ్ల గూడు అని అర్థం. మాఫుమో అందులో చేరాడు. ఎదురుగా కూర్చునేవాళ్లు పొద్దంతా భూమి లోపల రాయి కొట్టి వచ్చిన కూలీలు, పల్లెలు వదిలి వచ్చినవాళ్లు. వాళ్లకు ఏం వినిపించాలి?

ఆ బ్యాండులో జాషువా దూబే అనే గిటారు వాద్యకారుడు ఉన్నాడు. అతడు ఎంబిరా వరసను గిటారు మీదికి ఎక్కించాడు. మామూలుగా గిటారు తీగ మీటితే శబ్దం చాలాసేపు సాగుతుంది. ఎంబిరా రేకు అలా సాగదు. టంగున పలికి ఆగిపోతుంది. అందుకని కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి, శబ్దాన్ని నొక్కిపెట్టి వాయించాడు. అచ్చం ఇనప రేకు పలికినట్టే వచ్చింది. అలా వచ్చిన పాటల్లో ఒకటి 'ఎంగోమా యారిరా'. అంటే 'డోలు మోగింది' అని.

తమ్ముళ్లూ, ఇక్కడ కొంచెం ఆగుదాం. మీలో కీబోర్డు వాయించేవాళ్లు, ఫోన్లో బీట్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఈ భాగం జాగ్రత్తగా వినాలి.

ఎంబిరా వాయించేటప్పుడు సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు వరస ఎత్తుకుంటారు. రెండో వ్యక్తి ఆ వరస సందుల్లోకి తన వరసను నేస్తాడు. విడివిడిగా వింటే రెండూ మామూలుగా ఉంటాయి. కలిపి వింటే ఎవరూ వాయించని మూడో పాట ఒకటి వినిపిస్తుంది. చాప అల్లేటప్పుడు పడుగు, పేక కలిస్తే పువ్వు తేలుతుంది చూడండి, అలాగ. మాఫుమో బ్యాండు ఈ ఏర్పాటునంతా ఉన్నదున్నట్టు కొత్త వాయిద్యాలకు పంచింది. ఒక గిటారుకు ఎత్తుగడ ఇచ్చారు, ఇంకో గిటారుకు సందులు నింపే పని ఇచ్చారు. ఎంబిరా కింది వరుస రేకుల గంభీరమైన స్వరం బాస్ గిటారుకు వెళ్లింది. గింజల బుర్రల సవ్వడిని డ్రమ్ముల సెట్టులో కాలితో తొక్కితే మూసుకునే ఇత్తడి తాళాలకు ఇచ్చారు. నాట్యం చేసేవాళ్ల అడుగుల దరువు పెద్ద డ్రమ్ముకు వచ్చింది.

అంటే వాళ్లు పాప్ పాట తీసుకుని పైన కాస్త గిరిజన రంగు పూయలేదు. ఎముకలన్నీ పాతవే, చొక్కా ఒక్కటే కొత్తది. ఈరోజు మన దగ్గర చాలాచోట్ల జరిగేది దీనికి తిరగబడిన పని. బీటు బయటి నుంచి వస్తుంది, పాట మధ్యలో ఎక్కడో రెండు సెకన్లు తుడుము శబ్దం వేసి 'ట్రైబల్ మిక్స్' అని పేరు పెడతాం. మీరే చెప్పండి, అందులో థింసా అడుగు పడుతుందా? ఎనిమిది రకాల అడుగులు తెలిసిన మా పిన్ని దానికి ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయింది.

సరే, కథలోకి వద్దాం. 1970లలో రొడీషియాలో స్వాతంత్ర్యం కోసం గెరిల్లా యుద్ధం ముదిరింది. దాన్ని జనం 'చిమురెంగా' అన్నారు. పోరాటం అని అర్థం. 1896 నాటి తిరుగుబాటుకు కూడా అదే పేరు. మాఫుమో తన సంగీతానికి ఆ పేరే పెట్టుకున్నాడు. పాటలు షోనా భాషలో రాశాడు. సామెతలు, పాత కథలు, పొడుపుమాటలు కలిపి రాశాడు. పైకి చూస్తే పల్లెలోని కష్టాల పాట. వినేవాళ్లకు మాత్రం లోపలి సంగతి తెలుసు. తెల్ల అధికారులకు ఆ లోతు భాష అంత తొందరగా అందలేదు. ఏ భాషను వెనకబడినదని చిన్నచూపు చూశారో ఆ భాషే వాళ్లకు కోటగోడ అయింది.

అప్పట్లో నల్లవాళ్లను ఉంచిన ప్రాంతాలకు ప్రభుత్వం పెట్టిన పేరు 'ట్రైబల్ ట్రస్ట్ ల్యాండ్స్'. అక్కడి తల్లుల కన్నీళ్ల గురించి, ఖాళీ అయిన ఊళ్ల గురించి మాఫుమో పాడాడు. 'హొకోయో' అనే పేరుతో పాటల సంపుటి తెచ్చాడు. 'జాగ్రత్త' అని దాని అర్థం. ప్రభుత్వ రేడియో ఆ పాటల్ని దూరం పెట్టింది. పక్క దేశం మొజాంబిక్ నుంచి పోరాట యోధులు నడిపే రేడియో వాటిని వినిపించింది. చివరికి మాఫుమోను పట్టుకెళ్లి విచారణ లేకుండా దాదాపు మూడు నెలలు నిర్బంధించారు. గిటారు వాయించేవాడికి ప్రభుత్వం భయపడిందంటే, అతని పాట ఎంత దూరం వెళ్లిందో ఆలోచించండి.

1980 ఏప్రిల్ 18న జింబాబ్వే స్వతంత్ర దేశమైంది. హరారేలోని రుఫారో స్టేడియంలో జరిగిన వేడుకకు జమైకా నుంచి బాబ్ మార్లే వచ్చి పాడాడు. మాఫుమో బ్యాండు కూడా పాడింది.

కథ అక్కడితో ముగిస్తే అందంగా ఉంటుంది. కాని నిజం అంతటితో ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొమ్మిదేళ్లకు, 1989లో, మాఫుమో 'కరప్షన్' అనే పాట పాడాడు. ఈసారి వేలు చూపింది తనవాళ్ల వైపే. నిన్నటి దాకా మెచ్చుకున్నవాళ్లకు అది రుచించలేదు. తర్వాత కూడా ఆయన తగ్గలేదు. 2000 నాటికి కుటుంబంతో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి సొంతగడ్డకు రాలేదు. 2018 ఏప్రిల్‌లో, డెబ్బై దాటిన వయసులో, మళ్లీ హరారేలో పాడితే జనం పోటెత్తారు.

మన పాట అంటే మన గొప్పలు మాత్రమే చెప్పుకునే పాట కాదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. మనలో తాగుడు గురించి, చిన్న వయసు పెళ్లిళ్ల గురించి, మనవాడే అయ్యుండి మన పేరు మీద బిల్లులు తినేవాడి గురించి కూడా థింసా పాటలో ఒక చరణం ఉండాలి. అలాంటి పాట పాడినందుకు మనవాళ్లే కోప్పడొచ్చు. అయినా పాడాలి.

ఇంకో ముచ్చట. అభిమానులు మాఫుమోను 'ముకాన్యా' అని పిలుస్తారు. అది ఆయన గోత్రం తాలూకు గౌరవనామం. ఆ గోత్రానికి గుర్తు కోతి. ఆ వెనక వరసలో నవ్వుతున్న గొల్లోరి వాళ్లు కనిపిస్తున్నారు! మీకు కోతి, కిల్లో వాళ్లకు పులి, పాంగి వాళ్లకు గద్ద, వంతాల వాళ్లకు పాము, కొర్రా వాళ్లకు సూర్యుడు. బయట కాలేజీలో ఇంటిపేరు చెప్పి అర్థం అడిగితే మాట మార్చేసేవాళ్లు మనలో ఉన్నారు. అక్కడ దేశం మొత్తం మెచ్చిన గాయకుడు ఆ పేరుతోనే పిలిపించుకుంటున్నాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సిగ్గు ఇదే. మోరిని మూల పడేసింది సౌండు బాక్సు కాదు, ఈ సిగ్గు. బాక్సుకు మోరి అయినా ఒకటే, సినిమా పాటైనా ఒకటే. ఏది పెడితే అది పెద్దగా వినిపిస్తుంది. పెట్టేది మనం.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. స్టెల్లా చివేషే అనే ఆవిడ 1946లో పుట్టారు. ఎంబిరా మగవాళ్ల వాయిద్యమని, ఆడపిల్ల ముట్టకూడదని నేర్పడానికి చాలామంది ఒప్పుకోలేదు. వరసకు తాతయ్యే ఒకాయన నేర్పారు. 1974లో మొదటి రికార్డు ఇచ్చారు. తర్వాత గిటార్లు, మరింబాలు కలిపి సొంత బ్యాండు పెట్టుకుని దేశదేశాల్లో వాయించారు. జనం 'ఎంబిరా రాణి' అన్నారు. 2023లో కన్నుమూశారు. తుడుము ఆడపిల్ల కొట్టకూడదా అని మా హాస్టల్లో ఒక పిల్ల నన్ను అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవిడే.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. పూర్వీకులను పిలిచే పాటను బీరు తాగే హాల్లో, స్టేజీ మీద వాయించొచ్చా? ఇక్కడున్న తాతల మనసులోనూ ఇదే ఉంటుంది. ఇటుకల పండగలో, నందిదేవుడి దగ్గర పాడేది డీజే పాట చేసేస్తారా అని. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఏది బయటికి తీసుకెళ్లొచ్చు, ఏది గుడి దాటకూడదు అనేది కీబోర్డు ముందు కూర్చున్న కుర్రవాడు ఒక్కడే తేల్చకూడదు. ఊళ్లో అడగాలి. వద్దంటే ఆగాలి. అడిగితే పెద్దలు చాలావాటికి సరే అంటారు. మనం అడగమనే వాళ్ల బాధ.

మాఫుమో కూడా పెద్దల్ని వదిలేసి గిటారుతో సరిపెట్టుకోలేదు. 1980లలో ఎంబిరా వాయించేవాళ్లనే బ్యాండులోకి తీసుకొచ్చాడు. గిటారు పక్కన అసలు వాయిద్యం వచ్చి కూర్చుంది. గిటారు మీద విని ఇష్టపడిన పట్నం పిల్లలు, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్లి ఎంబిరా నేర్చుకున్నారు. 2020లో జింబాబ్వే, మలావీ దేశాల్లో ఎంబిరా తయారుచేసే, వాయించే విద్యను యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు దయ్యాల వాయిద్యమన్నది దాన్నే.

ఇక మళ్లీ మా వరండాలోకి వస్తాను. వార్షికోత్సవం జరిగిన మరుసటి ఏడాది నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి, మళ్లీ పిలవడానికి. ఆయన మంచం మీద ఉన్నారు. ముందు పళ్లు పోయాయి, ఊపిరి అందడం లేదు. "మోరి పట్టే బలం లేదమ్మా" అన్నారు. కొడుకు ఆటో నడుపుతాడు, వాయించడం రాదు. నా వెంట వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన మోరి వరసల్ని నోటితో పలికారు. మధ్యమధ్యలో దగ్గుతూ పదకొండు నిమిషాలు. ఇది ఏ అడుగుకు, ఇది ఏ అడుగుకు అని చెప్తూ పలికారు. ఆ వానాకాలం దాటలేదు ఆయన.

ఇరవై ఏళ్లు వాయించిన పాటకు మన దగ్గర మిగిలింది ఆ పదకొండు నిమిషాలే. ఆ సాయంత్రం నేను ఆయనకు వేదిక ఇచ్చి ఉంటే, సౌండు బాక్సులకే మైకు పెట్టి రికార్డు చేసి ఉంటే, ఈరోజు రెండు గంటలు ఉండేది.

కాబట్టి నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఈ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో మోరి ఊదేవారు, కొమ్ములు ఊదేవారు, పాట ఎత్తుకునే అమ్మలు ఎవరున్నారో చూడండి. ఒక పూట వాళ్ల దగ్గర కూర్చోండి. రికార్డు చెయ్యండి. వాళ్ల పేరు, ఊరు, ఆ పాట ఎప్పుడు పాడతారో వాళ్ల నోటితోనే చెప్పించండి. తర్వాత ఒక్క వరసైనా చేత్తో నేర్చుకోండి. ఆ తర్వాత కీబోర్డు పెట్టండి, గిటారు పెట్టండి, బాక్సులు పెట్టండి. అప్పుడు మీరు చేసేది నకలు కాదు.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు మన కుర్రాళ్లు వేదిక మీదికి వస్తారు. ముందు ఆ తాత గొంతు రికార్డు వినిపిస్తారు. దగ్గు కూడా తీసెయ్యలేదు, ఉంచమన్నాను. వెంటనే అదే వరసను కీబోర్డు మీద, గిటారు మీద వాయిస్తారు. తుడుము కొట్టేది, ఇందాక చెప్పానే, ఆ పిల్లే. నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటారు. తాతలు కూడా చెప్పండి. సౌండు బాక్సుల దగ్గరున్న తమ్ముడూ, శబ్దం పూర్తిగా పెంచు. ఈసారి ఆయన వెళ్లిపోయేలోపే మొదలుపెడదాం.

సెలవు.